తలకట్టు పెట్ట

ఇల్లు, పెరటి గుమ్మం
జనవరి 12

చంటీ,

నలభై రెండేళ్లొచ్చినా నిన్నిలా పిలుస్తున్నానని మీ ఫారంలో నవ్వుతున్నారట. నవ్వనీ. నువ్వు వాళ్లకి సూపర్‌వైజరువి, నాకు కాదు. మీ ఫోన్లన్నీ గేటు దగ్గరే తీసేసుకుంటారు కాబట్టి నాకీ ఉత్తరాల తంటా.

సంగతేమిటంటే, నాకు కోళ్లు కావాలి. పెరట్లో పెంచుకోవడానికి నాలుగైదు చాలు. ఏ జాతివి మంచివో నువ్వు చెప్పాలి.

నా కోసం కాదు, మీ బావ కోసం. అచ్చాఫీసు మూసేసి పదకొండు నెలలైంది. ముప్పై ఏళ్లు సీసపు అక్షరాలు ఏరి కూర్చిన మనిషి, ఇప్పుడు పొద్దున్నే లేచి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుర్చీ గోడ వైపు తిప్పుకుని కూర్చుంటారు. పోయిన నెలంతా నాతో అన్న మాటలు "ఊ", "వద్దు", "తలుపు వెయ్యి". ఇంకోటేదైనా ఉందేమోనని నిన్నంతా గుర్తు చేసుకున్నాను, లేదు. నేను యూనిఫారాల షాపులో రోజంతా మిషను చప్పుడులో ఉండి ఇంటికొస్తే, ఇల్లు ఇంకా నిశ్శబ్దంగా ఉంటుంది. నాకు భయమేస్తోంది చంటీ.

డాక్టరమ్మ అంది కదా, "ఆయన చెయ్యకపోతే ఎవరికో ఆకలేసే పని ఒకటి ఆయన చేతిలో పెట్టండి" అని. కుక్కంటే మీ బావకి భయం. పిల్లి తన సంగతి తనే చూసుకుంటుంది. ఇక మిగిలింది నీ సరుకే.

నీ అక్క

*

ఫారం క్వార్టర్స్, గేటు లోపల
జనవరి 20

అక్కా,

నీ ఉత్తరం గేటు దగ్గర దీపం పెట్టెలో ఇరవై నిమిషాలు పడుకుని వచ్చింది. లోపలికొచ్చే ప్రతి వస్తువూ క్రిములు చావడానికి ఆ నీలం వెలుతురులో కాగాల్సిందే. మనుషులైతే తలంటు పోసుకుని ఫారం బట్టలు కట్టుకోవాలి. బయట కోడిని ముట్టుకుంటే నాలుగు రోజులు గేటు గదిలో కూర్చోవాలి. బయటి పనిముట్టు ఏదీ షెడ్డులోకి రాకూడదు. ఇవి గుడ్లు పొదిగించడానికి పెంచే తల్లి కోళ్లు కదా, ఒక్క షెడ్డుకి తెగులొస్తే మొత్తం ఫారం మూతపడుతుంది. కోళ్ల రోగాలు చాలామటుకు మనుషుల చేతుల మీదుగానే వస్తాయి. ముందు ఈ ముక్క నీ చెవిలో వేసుకో.

ఇక జాతుల సంగతి. తెల్ల లెగ్‌హార్న్ గుడ్లు దండిగా పెడుతుంది కానీ వట్టి పిరికిది. గిన్నె కింద పడితే గోడ దూకేస్తుంది, బావ పక్కన అది పనికిరాదు. ఆస్ట్రలార్ప్ తీసుకో. నల్లగా నిగనిగలాడుతుంది, నెమ్మదస్తురాలు, గుడ్లకీ లోటుండదు. ఎర్రవి, రోడ్ ఐలాండ్ రకం, మొండి ఘటాలు. ఎండకీ వానకీ తట్టుకుంటాయి, కాకపోతే పెత్తనం చేస్తాయి. నీకు బాగా కలుస్తాయి. బ్రహ్మా ఒకటి ఉంటే మంచిది. ఏనుగు పిల్లంత ఉంటుంది, కాళ్లకి కూడా ఈకలుంటాయి, గుడ్డు ఆలస్యంగా పెడుతుంది కానీ ఒళ్లో కూర్చోమంటే కూర్చుంటుంది. సిల్కీ వద్దు, ఏడాది పొడుగునా పొదుగుతానని పేచీ పెడుతుంది.

నెత్తి మీద పెద్ద జుట్టుండే పోలిష్ రకం సంతల్లో అమ్ముతారు, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. దాని జోలికి అస్సలు వెళ్లకు. జుట్టు కళ్ల మీద పడి దానికే ఏమీ కనపడదు, ప్రతిదానికీ ఉలిక్కిపడుతుంది. మిగతావి పొడుస్తాయి.

అన్నీ ఒకేచోట, ఒకే వయసువి, టీకాలు వేసినవి కొను. తర్వాత కొత్తది తెస్తే నెల రోజులు వేరే గూట్లో. కోడిగుడ్డు మీద ఈకలు పీకుతున్నానని తిట్టుకోకు.

బావకి నా నమస్కారాలు.

చంటి

*

ఇల్లు, కుట్టుమిషను ముందు
మార్చి 15

చంటీ,

ఐదొచ్చాయి. నల్లవి రెండు, ఎర్రవి రెండు, నువ్వు చెప్పిన ఏనుగు పిల్ల ఒకటి. పెంపకందారుడు టీకా కాగితం కూడా ఇచ్చాడు, తలకింద పెట్టుకుని పడుకుంటున్నాను, సరేనా?

మొదటి రోజు బుట్ట తెచ్చి మీ బావ కుర్చీ వెనకాల దించాను. తిరగలేదు. రెండో రోజు నేను షాపుకి వెళ్తూ, "దాణా సంచి విప్పలేదు, నీళ్లు పెట్టలేదు, నేనిక సాయంత్రమే వస్తాను" అని చెప్పి వెళ్లిపోయాను. షాపులో ఆ రోజు మూడు కాలర్లు తిరగేసి కుట్టాను. వచ్చేసరికి కోళ్ల ముందు నీళ్లున్నాయి. కుర్చీ పెరటి వైపు తిరిగి ఉంది.

వారానికి పాత బీరువా తలుపులతో గూడు కట్టారు. ఒక్కొక్క పలకా గజంబద్దతో కొలిచి, అచ్చాఫీసులో అక్షరాల చట్రం బిగించినట్టు బిగించారు. దాణా తోడటానికి చెక్కతో గరిట కూడా చెక్కారు. మాట మాత్రం లేదు. నేనూ అడగడం లేదు, బెదిరిపోతారేమోనని.

నీ అక్క

*

ఇల్లు
మే 19

చంటీ, నన్ను తిట్టకు. తిట్టినా సరే, ముందు విను.

సంతలో నువ్వు వద్దన్న జుట్టు పెట్టని చూశాను. తెల్ల జుట్టు, నల్ల ఒళ్లు. దాన్ని చూస్తే నాకే నవ్వొచ్చింది, కొనేశాను. ఇంటికి తెచ్చి పెరట్లో వదిలాను. మీ బావ చేతిలో గరిట పట్టుకుని దాని చుట్టూ ఒకసారి తిరిగారు. వంగి చూశారు. "దీనికి తలకట్టు ఉంది" అన్నారు.

అక్షరం నెత్తిన పెడతామే గుర్తు, ఆ తలకట్టు. పదిహేను నెలల తర్వాత ఆయన నోట వచ్చిన మొదటి పూర్తి వాక్యం అది. పొయ్యి మీద పాలు పొంగి పోతున్నా నేను కదల్లేదు. సాయంత్రానికి అన్నిటికీ పేర్లయ్యాయి. గుండ్రటి బ్రహ్మా పెట్ట సున్న. నల్లవాటిలో చిన్నది ఫుల్‌స్టాప్, తోక వంకరది కామా. ఎర్రవాటిలో మెడ పొడుగుది దీర్ఘం, ఎప్పుడూ ఎవరో ఒకరి పొట్టకింద దూరేది ఒత్తు. రాత్రి అన్నం తింటూ, "రేపు పాలకూర తేవాలి వాటికి" అన్నారు. నాకేం కావాలో అడగలేదులే.

తలకట్టుని సంకలో పెట్టుకునే తిరుగుతున్నారు. జూన్‌లో సెలవు పెట్టి రా. నీ కళ్లతో నువ్వు చూడాలి.

నీ అక్క

*

ఫారం క్వార్టర్స్
మే 25

అక్కా,

నీ ఉత్తరం షెడ్డు బయట నిలబడి చదివాను. మా టీకాల పెద్దాయన చూసి, "ఏం బాబూ, ఎవరికేమైంది?" అని కంగారుపడ్డాడు. ఏం కాలేదు పెద్దాయనా, మా బావ మాట్లాడాడు అన్నాను. ఆయనకి మన కథంతా తెలుసు. ఇరవై రెండేళ్లుగా ఇక్కడ టీకాలు వేస్తున్నాడు, మందు ఉండే ఐసు పెట్టెని చంటిపిల్లలా మోస్తాడు. మీరందరూ బాగుండాలని చెప్పమన్నాడు.

జూన్ 8న వస్తాను. కానీ ఒక్క మాట నిజం చెప్పు. సంత కోడి కదా, వేరుగా పెట్టావా లేదా? సంకలో పెట్టుకు తిరుగుతున్నారంటే నాకు నమ్మకం కలగడం లేదు. ఇది సరదా కాదక్కా.

చంటి

*

ఇల్లు
మే 31

వేరుగానే పెట్టాను బాబూ, నీ మీద ఒట్టు. మొదటి రోజే ఎత్తుకున్నారు, అంతే. నువ్వు రా.

అక్క

*

ఫారం, గేటు గది
జూన్ 15

అక్కా,

ఈ పూటతో నాలుగు రోజులు పూర్తవుతాయి, లోపలికి వదులుతారు. ఈ గదిలో ఒక మంచం, ఒక ఫ్యాను, వాగుడుకాయ గార్డు. అయినా నాకు విసుగు పుట్టలేదు. కళ్లు మూసుకుంటే మీ పెరడే కనిపిస్తోంది.

బావ మూడు రోజుల్లో నాకు అచ్చాఫీసు కథలు ఎన్ని చెప్పారో! తలకట్టుని నా ఒళ్లో పెట్టి, "జాగ్రత్త, దానికి పక్కచూపు లేదు" అన్నారు. పాపం అది కునికిపాట్లు పడుతూనే ఉంది. పొదుగుడు మీదుందని నువ్వన్నావు కదా.

నీకొక్కదానికే చెబుతున్నాను. బావ చెక్కిన గరిట తెచ్చుకున్నాను. కొత్తది చేసిస్తానన్నారు, నేనే వినలేదు. దాణాలో నలిగి నలిగి నున్నబడిన ఆ పాతదే కావాలన్నాను. ఏడాదికి పైగా ఊరికే ఉండి ఆ చేతులు చేసిన వస్తువు, గేటు దగ్గర ఎలా వదిలేయను? తువ్వాల్లో చుట్టి దీపం పెట్టెలో పెట్టాను, గార్డు చూడలేదు. రేపట్నుంచి నాలుగో షెడ్డులో దాంతోనే దాణా తోడతాను. సూపర్‌వైజరే దొంగైతే ఎవరికి చెప్పుకుంటారు!

చంటి

*

ఇల్లు
జూన్ 22

చంటీ,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ అంతా మామూలే. ఎండలు తగ్గాయి. షాపులో స్కూళ్ల ఆర్డర్లు, ఊపిరాడటం లేదు.

ఆ గరిట షెడ్డులో వాడకు. ఎక్కడైనా కింద పడితే పగిలిపోతుంది. గదిలో గోడకి తగిలించుకో. తప్పకుండా అలాగే చెయ్యి.

ఉంటాను.

అక్క

*

ఫారం క్వార్టర్స్
జులై 19

అక్కా,

పది రోజుల్నుంచి నిద్ర లేదు. నాలుగో షెడ్డులో మొదట తోలుగుడ్లు కనిపించాయి, పెంకు లేకుండా మెత్తగా, చేతిలో పట్టుకుంటే జారిపోయేవి. తర్వాత గుడ్లు సగానికి పడిపోయాయి. కొన్ని కోళ్లు నోరు తెరిచి గురకపెడుతున్నాయి. రక్తం పరీక్షకి పంపితే కొక్కెర తెగులని తేలింది. టీకాలున్నాయి కాబట్టి చావులు తక్కువ. అదే అసలు చిక్కు. టీకా సరిగ్గా వేసి ఉంటే తెగులు ఇంత దూరం ఎలా వచ్చిందని మేనేజరు పట్టుకున్నాడు. మందు వేడెక్కనిచ్చి ఉంటాడని పెద్దాయన మీద పెట్టారు. పని ఆపించి గేటు గదిలో కూర్చోబెట్టారు. ఆగస్టు ఆఖరి గురువారం విచారణ. ఆ రోజు ఇంటికి పంపించేస్తారని అందరూ అనుకుంటున్నారు.

ఆయన నాతో ఒక్కటే అన్నాడు, "బాబూ, నేను ఐసులో వేలు పెట్టి చూడకుండా ఒక్కరోజైనా సూది పట్టానా?" పట్టలేదు. నేనే సాక్షి.

అక్కా, నీ కోళ్లు బాగున్నాయా? ఏ ఒక్కదానికైనా నలత చేసిందా? ఆకుపచ్చ రెట్టలు, మెడ వాల్చేయడం, ఏదైనా? ఆలోచించి రాయి.

చంటి

*

ఇల్లు
జులై 25

చంటీ,

మా కోళ్లకేం, నిక్షేపంగా ఉన్నాయి. నీ ఫారంలో ఏదైనా అయితే అక్కడ వెతుక్కోవాలి కానీ, నా పెరట్లోనా? నిన్ననే మీ బావ ఐదింటికీ పాలకూర సన్నగా తరిగి వేశారు, పోటీలు పడి తిన్నాయి. గుడ్లకి గట్టి పెంకులున్నాయి. వారంలో రెండు రోజులు మీ బావ పక్కింటి వాళ్లకి కూడా ఇచ్చొస్తున్నారు, గుమ్మంలో నిలబడి పది నిమిషాలు మాట్లాడి మరీ వస్తున్నారు.

పెద్దాయన సంగతి విని బాధేసింది. పెద్దవయసు కదా, ఎప్పుడో ఒకసారి మరిచిపోయి ఉంటాడేమో.

అక్క

*

ఫారం క్వార్టర్స్
జులై 30

అక్కా,

ఐదింటికీ అని రాశావు. నేనొచ్చినప్పుడు ఆరున్నాయి.

నీ ఉత్తరాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. గరిట పగిలిపోతుందని రాశావు. మద్ది చెక్కతో చేసిన గరిట అది, గోడకేసి కొట్టినా పగలదు. దర్జీ పని చేసే దానివి, కుట్టు ఎక్కడ విప్పితే గుడ్డంతా ఊడొస్తుందో నీకు తెలుసు. నాకూ ఇప్పుడు తెలిసింది.

నా మీద ఒట్టు వేశావు. ఆ సంగతి తర్వాత చూద్దాం. తలకట్టు ఏమైంది?

*

షాపు, మధ్యాహ్నం
ఆగస్టు 4

చంటీ,

చచ్చిపోయింది. నువ్వు వెళ్లిన మూడో రోజున.

నువ్వు రావడానికి రెండు రోజుల ముందే ఆకుపచ్చ రెట్టలు వేసింది. నేను పెరడంతా కడిగేశాను. నీతో పొదుగుడు అన్నాను. నువ్వు ఆ జుట్టు ఎత్తి కళ్లు చూస్తావని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాను. వాచిపోయి ఉన్నాయి. నువ్వు చూడలేదు, బావ మాటలు వింటున్నావు. వేరే గూట్లో కూడా ఒక్క రాత్రికి మించి ఉంచలేదు. రెండో రోజు మీ బావ తెచ్చి మిగతావాటితో కలిపేస్తే వద్దనలేకపోయాను. ఆయన నవ్వుతున్నారు చంటీ. వద్దని ఎలా అనను?

మెడ మెలితిరిగిపోయింది దానికి. మీ బావ కూరలకి వెళ్లినప్పుడు నిమ్మచెట్టు కింద పాతేశాను. షాపులో నాతో పనిచేసే పిన్నిగారు గుడ్ల కోసం అడిగితే ఇచ్చేశానని ఆయనతో చెప్పాను. రెండు రోజులు మళ్లీ నోరు విప్పలేదు ఆయన. ఆ రెండు రోజులూ నేను ఎలా ఉన్నానో నాకే తెలుసు. తర్వాత కామా గుడ్డు పెట్టిందని తనే వచ్చి చెప్పారు.

నువ్వు గరిట తీసుకెళ్లావని నాకు తెలియదు. నీ ఉత్తరం చూశాకే తెలిసింది. చూసిన మరుక్షణం రాయాల్సింది. మొహం చెల్లలేదు.

మిగతా ఐదూ బాగున్నాయి, ఇది నిజం. నన్ను ఎంత తిట్టాలో అంతా తిట్టు.

అక్క

*

ఫారం క్వార్టర్స్
ఆగస్టు 11

అక్కా,

తిట్టడానికి నాకు హక్కు లేదు. ఇరవై ఏళ్లుగా కోడి కళ్లు చూసి రోగం చెప్పేవాణ్ణి. ఒళ్లో పెట్టుకుని కూడా ఆ జుట్టు ఎత్తి చూడలేదు. గరిట తెచ్చిందీ నేనే, దీపం వెలుతురు తగలకుండా తువ్వాల్లో దాచిందీ నేనే. కోపం మాత్రం ఉంది. నీ మీద ఉంది, నా మీద ఉంది.

నిన్న మేనేజరు దగ్గరికెళ్లి మొత్తం చెప్పేశాను. ఆయన నవ్వాడు. "నువ్వూ ముసలాయనా ఒక కంచంలో తింటారని ఫారమంతా తెలుసు. ఆయన్ని కాపాడటానికి ఈ కథ అల్లావు. గరిటని కాల్చేశానంటున్నావు, రుజువేది?" అన్నాడు. నిజమే, తెగులు పేరు విన్న రోజే భయపడి కాల్చేశాను.

రుజువు నీ పెరట్లో ఉంది. ఆ ఐదింటి రక్తంలో తెగులు జాడ దొరికితే పెద్దాయన బయటపడతాడు. మీ పశువుల ఆసుపత్రిలో చెబితే వచ్చి పరీక్ష చేస్తారు. బాగున్నట్టే కనిపించే కోళ్లు కూడా తెగులు మోస్తాయక్కా. పక్కింటివాళ్లకీ గుడ్లిస్తున్నారు.

తేలితే ఐదింటినీ చంపేస్తారు. నేను నీళ్లు నమలడం లేదు, ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. నువ్వు ఒప్పుకోవాలి.

చంటి

*

ఇల్లు
ఆగస్టు 17

ఒప్పుకోను.

నువ్వు మూడు రోజులుండి వెళ్లావు. నేను పదిహేను నెలలున్నాను ఆ గోడతో. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎక్కడికీ వెళ్లని మనిషికి రోజూ కంచం పెట్టింది నేను. నిన్న ఆయన సున్నని పక్కన కూర్చోబెట్టుకుని పాట లాంటిదేదో అంటున్నారు. పాడటం రాదు ఆయనకి, అయినా అంటున్నారు. తెల్ల బట్టలవాళ్లు వచ్చి ఆయన కళ్లముందు ఐదింటి మెడలు విరిస్తే, తర్వాత ఆయన ఏమవుతారో నువ్వు పూచీ పడతావా? నీ పెద్దాయనకి వేరే పని దొరుకుతుంది. నాకు ఇంకో మొగుడు దొరకడు.

నన్ను స్వార్థపరురాలివి అనుకో. అనుకో, పరవాలేదు. మీ బావకి ఈ సంగతి ఒక్క ముక్క కూడా తెలియకూడదు. నేను కాళ్లు పట్టుకోనా?

అక్క

*

ఫారం, గేటు గది
ఆగస్టు 22

అక్కా,

పెద్దాయన పక్క మంచం మీద కూర్చుని ఉన్నాడు, ఆయన ముందే రాస్తున్నాను. నాలుగు రోజులుగా ఆయన మాట్లాడటం మానేశాడు. గార్డు పలకరించినా "ఊ" అంటున్నాడు. ఫారం ఇచ్చిన చొక్కా ఉతుక్కుని, ఆరేసుకుని, మళ్లీ అదే తొడుక్కుని కిటికీ వైపు తిరిగి కూర్చుంటున్నాడు.

నేనింక ఏమీ అడగను. గురువారం పదకొండింటికి విచారణ.

చంటి

*

ఇల్లు, వీధి గది
ఆగస్టు 31

చంటీ,

నేను మీ బావని. ఊళ్లోవాళ్ల కార్డులూ కరపత్రాలూ కూర్చడమే కానీ, సొంత ఉత్తరం రాసి చాలా ఏళ్లయింది. తప్పులుంటే దిద్దుకుని చదువు.

నీ ఆఖరి ఉత్తరం మీ అక్క షాపులో ఉన్నప్పుడు వచ్చింది. విప్పాను. తర్వాత మిషను సొరుగులో ఆమె దాచినవన్నీ తీసి వరసగా చదివాను. ఒకరి ఉత్తరాలు చదవడం మంచి పని కాదు. చదివాను.

తలకట్టు పిన్నిగారింటికి వెళ్లలేదని నాకు ఆ రోజే తెలుసు. నిమ్మచెట్టు కింద మన్ను కొత్తగా ఉంది, మీ అక్క గోళ్లలో కూడా ఉంది. ఆమె నా కోసం అబద్ధం ఆడింది. నేను ఆమె కోసం నమ్మినట్టు ఊరుకున్నాను. తెగులని మాత్రం నాకు తట్టలేదు.

అప్పుడే చొక్కా మార్చుకుని పశువుల ఆసుపత్రికి నడిచి వెళ్లాను. ఎన్ని కోళ్లని అడిగాడు డాక్టరు. ఐదన్నాను. అడక్కపోయినా పేర్లు కూడా చెప్పాను. "తెగులుందని తేలితే ఒక్కటీ మిగలదు, తెలుసా?" అన్నాడు. తెలిసే వచ్చానన్నాను. ఆ సాయంత్రమే రక్తం తీసుకెళ్లారు. బుధవారం మధ్యాహ్నం తేలింది. ఉంది.

నలుగురు వచ్చారు. వాళ్ల దుస్తులు చూసి కోళ్లు బెదిరి గూట్లో మూలకి దూరాయి. వాళ్లు పట్టుకోబోతే ఒకటే అరుపులు. "మీరాగండి, నా చేతికైతే వస్తాయి" అన్నాను. వచ్చాయి. ఒక్కొక్కదాన్నీ నేనే ఎత్తి ఇచ్చాను. సున్నని ఆఖర్న ఇచ్చాను. బరువుగా, వెచ్చగా ఉంది. అందరి ముందే ఏడ్చాను.

నీ మీద నాకు కోపం లేదు. మీ పెద్దాయన్ని నేను చూడలేదు. కానీ ఆయన కూర్చున్న కుర్చీ నాకు బాగా తెలుసు, అందులో పదిహేను నెలలు కూర్చున్నాను. నా పనిని కాలం తీసుకుపోయింది, నా పేరు మీద మచ్చ లేదు, అయినా నాకు లేవడం చేతకాలేదు. ఆయన్ని చెయ్యని తప్పుకి కూర్చోబెడుతున్నారు. నా కోళ్లు బతకడానికి అది జరగాలంటే నేను రోజూ పొద్దున్నే వాటికి దాణా ఎలా వేస్తాను?

డాక్టరు నా ఎదురుగానే మీ మేనేజరుకి ఫోను చేసి ఫలితం చెప్పాడు. కాగితం కూడా పంపాడు. విచారణ రద్దయిందనీ, పెద్దాయన మళ్లీ ఐసు పెట్టె ఎత్తుకున్నాడనీ నిన్న కబురొచ్చింది. నీ సంగతి ఏం చేస్తారో నువ్వే రాయాలి. పని పోతే ఇక్కడికి రా. సిగ్గుపడకు.

రెండు నెలల దాకా పెరట్లో కోడి పెట్టకూడదట. గూడు కాల్చేశారు, సున్నం చల్లారు. ఇంట్లో చేయడానికి పనేమీ లేదు.

మీ అక్క బుధవారం నుంచి నాతో మాట్లాడటం లేదు. వండుతుంది, వడ్డిస్తుంది, షాపుకి వెళ్లొచ్చి మిషను ముందు కూర్చుంటుంది. తల ఎత్తదు. నేను పక్కన స్టూలు వేసుకుని మాట్లాడుతున్నాను. పక్కింటి గోడ పెచ్చులూడిందని, నూనె డబ్బా అడుగుకొచ్చిందని, పాత రోజుల్లో ఒక కార్డు తలకిందులుగా అచ్చేసి ఎలా దొరికిపోయానో, ఏది తోస్తే అది చెబుతున్నాను. నా దగ్గర ఇన్ని మాటలున్నాయని నాకే తెలియదు. ఆమె కుట్టుకుంటూనే ఉంటుంది. నిన్న గొంతు ఎండిపోయి మధ్యలో ఆగాను. మిషను కూడా ఆగింది. నేను ఆగినంతసేపూ చక్రం మీద చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చుంది. అందుకని మళ్లీ మొదలుపెట్టాను.

మీ బావ